మెల్లని సెగ మీద పండ్ల మీఠా



బతుకమ్మ పండుగ నాటికి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ నుంచి హన్మకొండ పోయే రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు దిగుతాయి. గుట్టల మీద, చెలకల గట్ల మీద, ఒకరు నాటకుండా, ఒకరు నీళ్లు పోయకుండా కాసే పండు అది. కొనేవాళ్లు కన్ను విచ్చిన కాయలు చూసి ఏరుకుంటారు, బేరమాడి సంచి నింపుకుంటారు. ఇంటికి చేరాకే చిక్కు మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో కాయలన్నీ ఒక్కసారే మెత్తబడతాయి. ఆ తర్వాత తోలు నల్లబడుతుంది, గుజ్జు పులుస్తుంది. తిన్నన్ని తిని, ఇరుగుపొరుగుకు పంచినన్ని పంచినా ఇంకా నాలుగు పండ్లు మిగిలే ఉంటాయి.

అవే రోజుల్లో ఇంటింటా తీపి వంటలు నడుస్తుంటాయి. సద్దుల నాటికి మలీద ముద్దలు, నువ్వుల పొడి, పల్లి పొడి, పండుగకు పోలెలు, దావత్ ఉంటే డబుల్ కా మీఠా. ఇన్ని తీపి వంటల్లో పండుకు మాత్రం చోటు తక్కువ. పండును పండుగానే తినాలి, తీపి చేయాలంటే చక్కెర, బెల్లం, నెయ్యి ఉండాల్సిందే అన్న అలవాటు గట్టిగా పాతుకుపోయింది. పండులో ఉన్న తీపినే వాడుకొని, సన్నని సెగ మీద, తక్కువ నెయ్యితో, తక్కువ చక్కెరతో చేసుకునే మీఠాలు ఉన్నాయి. ఈనాటి ప్రసంగం వాటి గురించే.

తక్కువ చక్కెర అన్న మాట ఊరికే అంటున్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నట్టు ఆ అధ్యయనం అంచనా వేసింది. పెద్దవాళ్లలో అది 11.4 శాతం. విడిగా కలుపుకునే చక్కెర రోజు మొత్తం తిండిలో పదో వంతు శక్తిని మించకూడదని, ఐదు శాతానికి తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి లెక్క కడితే మొదటిది 50 గ్రాములు, రెండోది 25 గ్రాములు. ఇప్పుడు డబుల్ కా మీఠా సంగతి చూద్దాం. ఆరు బ్రెడ్ ముక్కలకు కప్పు చక్కెరతో పాకం పట్టడం మామూలే. కప్పు చక్కెర అంటే సుమారు 200 గ్రాములు. ఆరుగురు పంచుకుంటే మనిషికి 33 గ్రాములు. బ్రెడ్‌ను నెయ్యిలో వేయించినప్పుడు అది పీల్చుకున్న కొవ్వు వేరే. దావత్‌లో ఒకనాడు తింటే తప్పేమీ లేదు. ఇంట్లో తరచూ చేసుకోవాలంటే మాత్రం వేరే పద్ధతి వెతుక్కోవాలి.

ఆ పద్ధతికి పునాది ఈ ప్రాంతపు వంటింట్లోనే ఉంది. పాడి ఉన్న ఇండ్లలో వెనకట దాలి ఉండేది. పెరట్లోనో వంటింటి మూలనో ఒక గుంత, అందులో పిడకలు, వాటి మీద పాలకుండ. మంట కనపడదు, పొగ మాత్రం సన్నగా లేస్తుంటుంది. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా, మందపు మీగడతో దిగేవి. ఆ రంగుకు, ఆ రుచికి కారణం కాలమే. పాలలోని చక్కెర, మాంసకృత్తులు గంటల తరబడి సెగ మీద ఒకదానితో ఒకటి కలిసి ఎర్రబడతాయి. పెద్ద మంట మీద అదే పని త్వరగా చేయబోతే పాలు పొంగుతాయి, లేదా అడుగంటుతాయి.

సర్వపిండి కూడా ఆ కోవలోదే. బియ్యప్పిండిని శనగపప్పు, పల్లీలు, నువ్వులతో కలిపి, గంజు లోపలి గోడలకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని మంట మీద వదిలేస్తారు. కరీంనగర్, వరంగల్ ఇండ్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. మందపు గిన్నె, మూత, తక్కువ మంట, ఓపిక ఉంటే తక్కువ నూనెతోనే పిండి కరకరలాడుతుందని వాళ్ల చేతులకు తెలుసు. హైదరాబాద్ హలీమ్‌ను ఇటుకల భట్టీ మీద గంటల తరబడి ఉడికించడంలోనూ ఈ సూత్రమే ఉంది.

విద్యుత్తుతో నడిచే స్లో కుక్కర్ ఈ పాత పద్ధతికే కొత్త పనిముట్టు. దాని పుట్టుక కథ వినదగ్గది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరు ఉండేవాడు. ఆయన తల్లిది లిథువేనియా. యూదులకు శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం సాయంత్రం దాకా విశ్రాంతి దినం. ఆ వేళలో పొయ్యి రాజేయరు. అందుకని ఆమె పుట్టిన ఊళ్లో శుక్రవారం నాడే చిక్కుడు గింజలు, మాంసం, గడ్డలు వేసిన కుండను రొట్టెల బట్టీలో పెట్టి వచ్చేవాళ్లు. ఆరిపోయిన బట్టీలో మిగిలిన వేడికే అది రాత్రంతా మెల్లగా ఉడికేది. ఆ వంట పేరు చోలెంట్. తల్లి చెప్పిన ఆ ముచ్చట విని నాక్సన్ కుండ చుట్టూ కరెంటు తీగ చుట్టిన పాత్రను తయారు చేశాడు. 1940లో దానికి పేటెంటు వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొన్నది; మరుసటి ఏడాది క్రాక్‌పాట్ పేరుతో బజారులోకి తెచ్చింది. ఉద్యోగానికి పోయే ఆడవాళ్లు పొద్దున అన్నీ వేసి, సాయంత్రం వచ్చి వేడిగా వడ్డించుకోగలిగారు. కరీంనగర్ జిల్లా నుంచి పోయి అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ పాత్ర పరిచయమే. పండుగకు వచ్చిపోయే పిల్లల సామాన్లలో ఇక్కడి ఇండ్లకూ చేరుతున్నది.

పాత్ర ఎలా పనిచేస్తుందో తెలిస్తే వంట చెడదు. లోపల మందపు పింగాణీ గిన్నె, దాని చుట్టూ వేడి. సెగ అడుగు నుంచి కాక పక్కల నుంచి ఎక్కువగా వస్తుంది కాబట్టి మాడదు. లో మీద పెట్టినా, హై మీద పెట్టినా చివరికి చేరే వేడి దాదాపు ఒకటే, మరిగే నీటి వేడికి కాస్త కిందనే. చేరే వేగంలోనే తేడా. మూత గట్టిగా కూర్చోవడం వల్ల ఆవిరి బయటికి పోదు. కూరకు అది మేలు, పాల వంటకు మాత్రం అడ్డు. దాలి మీద నీరు ఆవిరై పాలు చిక్కబడతాయి. స్లో కుక్కర్‌లో మూత పెట్టి ఉంచితే ఎన్ని గంటలైనా పాలు పలుచగానే ఉంటాయి. అందుకే పాల వంటకు చివరి గంట మూత కొంచెం వారగా జరపాలి. పుడ్డింగు వంటివాటికి మూత కింద ఒక శుభ్రమైన పొడి బట్ట పరచాలి, లేకపోతే మూతకు పట్టిన ఆవిరి చుక్కలు చుక్కలుగా మీఠా మీద పడి పైభాగాన్ని నానబెడతాయి. బట్ట కొసలు పైకి మడిచి కట్టాలి, వేడి పక్కలకు తగలనీయవద్దు.

రాసుకోవాలనుకునేవాళ్లు కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. ముందుగా బ్రెడ్, పండ్లతో చేసే మీఠా.

పుడ్డింగు అనగానే ఇంగ్లండువాళ్ల క్రిస్మస్ వంట గుర్తుకొస్తుంది. ఎండు ద్రాక్ష, బ్రెడ్ పొడి, గుడ్లు, పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు కలిపి, గిన్నెలో మూటగట్టి, గంటల తరబడి ఆవిరి మీద ఉడికించే బరువైన తిండి అది. దానిలోంచి కొవ్వును తీసేసి ఆవిరిని మాత్రం ఉంచుకుందాం. ఆరు బ్రెడ్ ముక్కలను నెయ్యిలో వేయించకుండా పెనం మీద ఉత్తగా కాల్చి, చిన్న ముక్కలుగా తుంచాలి. బాగా మాగిన అరటిపండ్లు రెండు చిదమాలి. తొక్క మీద నల్ల మచ్చలు వచ్చిన పండ్లయితే మరీ మంచిది, పిండి పదార్థం చాలావరకు చక్కెరగా మారి ఉంటుంది. ఒక ఆపిల్‌ను తొక్కతోనే తురమాలి. గింజ తీసిన ఖర్జూరాలు ఆరు సన్నగా తరగాలి. రెండు గుడ్లు గిలక్కొట్టి, 400 మిల్లీలీటర్ల పాలు పోసి, రెండు చెంచాల బెల్లం పొడి, యాలకుల పొడి, చిటికెడు శొంఠి, చిటికెడు ఉప్పు కలపాలి. చెంచాడు నెయ్యి రాసిన స్టీలు గిన్నెలో బ్రెడ్, పండ్లు వేసి, పాలు గుడ్ల మిశ్రమం పోసి, పావుగంట నాననివ్వాలి. స్లో కుక్కర్ అడుగున వేలెడు లోతు వేడినీళ్లు పోసి, అందులో ఈ గిన్నె దించి, బట్ట, మూత పెట్టి హై మీద రెండు నుంచి రెండున్నర గంటలు ఉంచాలి. నడుమ చాకు దించి చూస్తే తడి అంటకుండా రావాలి.

గుడ్డు గట్టిపడేది సుమారు 80 డిగ్రీల దగ్గర. వేడి దాన్ని బాగా దాటి చాలాసేపు నిలిస్తే గుడ్డు విరిగి నీరు ఊరుతుంది, జిగురు పోయి పొక్కులు పొక్కులుగా తయారవుతుంది. నీళ్ల మధ్య గిన్నె పెట్టి మెల్లగా వండేది అందుకే. గుడ్డు తినని ఇండ్లలో పాలు కొంచెం తగ్గించి, రెండు చెంచాల మక్కజొన్న గంజిపిండిని చల్లని పాలలో కలిపి పోసుకోవచ్చు. అంత బిగువు రాదు గానీ చెంచాతో తీసుకు తినడానికి బాగుంటుంది. ఇందులో వేసిన బెల్లం సుమారు 30 గ్రాములు. ఆరుగురికి పంచితే మనిషికి ఐదు గ్రాములు. పైన చెప్పుకున్న 33 గ్రాముల పక్కన పెట్టి చూడండి. అయితే అరటిపండులో, ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరే, బ్రెడ్ కూడా పిండి పదార్థమే. మధుమేహం ఉన్నవాళ్లు ఇది తేలిక కదా అని రెండు కప్పులు తినడం సరికాదు.

గంపలోని సీతాఫలాలకు వద్దాం. ఇక్కడ ఒక హెచ్చరిక. సీతాఫలం గుజ్జును ఉడికించకూడదు. వేడి తగిలితే ఆ గుజ్జుకు చేదు వస్తుంది. పండ్ల గుజ్జు నిల్వచేసే పరిశ్రమలకు ఇది ఎప్పటినుంచో ఉన్న తలనొప్పి. పాలు కుతకుత ఉడుకుతుండగా గుజ్జు వేసి, రుచి చెడిందని వాపోయే ఇండ్లు చాలా ఉంటాయి. కాబట్టి ఈ పండుతో చేసే సామల పాయసంలో మెల్లని సెగ పాలకు, సామలకు; పండుకు చల్లదనం.

సామలు 50 గ్రాములు కడిగి గంటసేపు నానబెట్టాలి. లీటరు పాలు ముందు పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చి స్లో కుక్కర్‌లో పోయాలి. చల్లని పాలు పోస్తే వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, అంతసేపు గోరువెచ్చగా ఉండటం పాలకు మంచిది కాదు. సామలు వేసి హై మీద రెండు గంటలు, నడుమ రెండు మూడు సార్లు కలుపుతూ, చివరి గంట మూత వారగా జరిపి ఉంచాలి. గింజ మెత్తబడి, పాలు చిక్కబడి, గిన్నె అంచుల వెంట సన్నని ఎర్రటి మీగడ కడుతుంది. దించి పూర్తిగా చల్లారనివ్వాలి. అప్పుడు మూడు నాలుగు సీతాఫలాల గుజ్జు కలపాలి. చక్కెర అక్కరలేదు. వంద గ్రాముల సీతాఫలం గుజ్జులో పిండి పదార్థాలు 23 గ్రాముల దాకా ఉంటాయి, అందులో ఎక్కువ భాగం తీపే.

గింజల విషయంలో జాగ్రత్త తప్పదు. గుజ్జు తీయడానికి మిక్సీ వాడొద్దు, గింజ నలిగితే చేదే కాదు, హాని కూడా. ఆ గింజల పొడిని పేల మందుగా తలకు రాసేవాళ్లు ఉన్నారు. అది కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పెద్ద చిల్లుల జల్లెడ మీద వేసి చేత్తో మెదిపితే గుజ్జు కిందికి దిగుతుంది, గింజలు పైన నిలుస్తాయి.

పాల గురించి ఒక మాట. హుజూరాబాద్‌కు దగ్గరలోని ముల్కనూర్‌లో 2000 సంవత్సరంలో మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గంగా స్వకృషి డెయిరీ మొదలైంది. అదే ఊళ్లో 1956లో పుట్టిన సహకార గ్రామీణ బ్యాంకు దారిలో నడిచిన సంస్థ అది. చుట్టుపక్కల పల్లెల్లో గేదెలు మేపే ఆడవాళ్లే దాని యజమానులు. అటువంటి చోట ఇంటి గడపలో మంచి పాలకు కొదవ లేదు. ఇంటి గేదె పాలయితే కొవ్వు ఆరు, ఏడు శాతం దాకా ఉంటుంది. ప్యాకెట్‌లో వచ్చే టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం. తేలిక మీఠాకు టోన్డ్ పాలు చాలు. మెల్లని సెగ మీద అవే చిక్కబడి, మీగడ పాలు పోసినంత నిండుగా అనిపిస్తాయి. డబుల్ టోన్డ్ పాలతో చేస్తే మాత్రం నోటికి చప్పగా తగులుతుంది, అంత పిసినారితనం అక్కరలేదు.

మెల్లని సెగకు పుట్టిన పండు అంటూ ఉంటే అది ఎండు ఖుబానీ. హైదరాబాద్ పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా లేనిదే భోజనం పూర్తికాదు. ఎండు ఖుబానీలో సగానికి పైగా బరువు చక్కెరే, అయినా దానికి ఇంకా చక్కెర పాకం కలుపుతారు. ఆ పాకం లేకుండా చేయవచ్చు. పావుకిలో ఖుబానీలు కడిగి, మునిగేదాకా నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున గింజలు తీసి, నానిన నీళ్లతో సహా స్లో కుక్కర్‌లో వేసి లో మీద నాలుగు గంటలు వదిలేస్తే చాలు. పండు తనంతట తానే కరిగి తేనెరంగు గుజ్జవుతుంది. గింజలను పగలగొట్టి లోపలి పప్పును రుచి చూడాలి, తియ్యగా ఉంటేనే పైన చల్లాలి. చేదుగా ఉన్నది తినకూడదు, పారేయాలి. దీని మీద మీగడకు బదులు, బట్టలో వేలాడగట్టి నీరు తీసిన పెరుగు రెండు చెంచాలు వేసుకుంటే ఆ పులుపు ఈ తీపికి సరిగ్గా జోడవుతుంది.

మెల్లని వంట అన్ని పండ్లకూ పనికిరాదు. జాంపండును పచ్చిగానే తినాలి. దానిలో దండిగా ఉన్న సి విటమిన్ గంటల తరబడి ఉడికితే చాలా భాగం పోతుంది. బొప్పాయి, అనాస పచ్చివి పాలలో కలిపితే వాటిలోని ఎంజైములు పాలను విరిచి చేదు చేస్తాయి. ముందు విడిగా ఉడికించాకే కలపాలి. ఎండాకాలంలో జగిత్యాల చల్‌గల్ మార్కెట్ నుంచి ఉత్తరాదికి లారీల కొద్దీ పోయే మామిడి కూడా పులుపున్న పండే, వేడి పాలలో వేస్తే విరుగుతుంది. సీతాఫలం మాదిరిగానే చల్లారిన పాలలో కలుపుకోవాలి. ఆదిలాబాద్ వైపువాళ్లకు ఇంకొక తీపి అందుబాటులో ఉంది, ఇప్పపువ్వు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు దానితో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. కేసరాలు తీసి, రెండు మూడు నీళ్లలో కడిగిన ఎండు పువ్వు పిడికెడు బ్రెడ్ మీఠాలో వేస్తే ఖర్జూరం అక్కర ఉండదు.

స్లో కుక్కర్ లేనివాళ్లు ఇదంతా తమకు కాదనుకోవద్దు. బ్రెడ్ మీఠా గిన్నెను ఇడ్లీ పాత్రలో నీళ్ల మీద పెట్టి, సన్నని మంట మీద నలభై, యాభై నిమిషాలు ఆవిరికి ఉడికించవచ్చు. ప్రెషర్ కుక్కర్ అయితే వెయిట్ తీసేయాలి, నడుమ నీళ్లు ఉన్నాయో లేవో చూసుకోవాలి. సామల పాయసానికి సర్వపిండి చేసే మందపు గంజే చాలు, కింద పెనం పెట్టి దాని మీద గంజు పెడితే సెగ ఇంకా నెమ్మదిస్తుంది. ఊళ్లో దాలి ఇంకా ఉన్న ఇల్లయితే పాలు అక్కడే కాగనిచ్చి, చల్లారాక సీతాఫలం కలుపుకోండి. ఏ యంత్రమూ ఆ రుచి తేలేదు.

కరెంటు ఖర్చు భయపడేంత కాదు. 200 వాట్ల చిన్న స్లో కుక్కర్ నాలుగు గంటలు నడిస్తే ఒక యూనిట్ కూడా కాలదు. కరెంటు పోతే మాత్రం పింగాణీ గిన్నెను పొయ్యి మీద పెట్టకుండా, వంటను వేరే మందపు గిన్నెలోకి మార్చి పొయ్యి మీద పూర్తిచేయాలి. పాలు, గుడ్లు కలిపినది సగం ఉడికి గోరువెచ్చగా రెండు గంటలకు మించి నిలిచిపోతే, దాన్ని మళ్లీ వేడి చేసి తినవద్దు, పారేయండి. వేడి పింగాణీ గిన్నెలో చల్లని నీళ్లు పోస్తే పగులుతుంది, అదీ గుర్తుంచుకోండి. మిగిలిన మీఠా ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో ముగించాలి.

ఈ పండుగకు మలీద, పోలెలు ఎలాగూ ఉంటాయి, ఉండాలి కూడా. వాటి పక్కన ఒక గిన్నె పండ్ల మీఠా కూడా పెట్టండి. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న పెద్దలను తీపి దగ్గర కూర్చోబెట్టి చేతులు కట్టేయకుండా, డాక్టరు చెప్పిన లెక్కలో చిన్న కప్పుతో కొలిచి వాళ్లకూ వడ్డించండి. సీతాఫలాలు ఇంకా మిగిలితే గింజలు తీసిన గుజ్జును గట్టి మూత ఉన్న డబ్బాలో డీప్ ఫ్రిజ్‌లో దాచుకోండి, దీపావళికి పనికొస్తుంది.